డెక్ కింద ఇటుకలు

పదిహేనేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. కూతురికి చెప్పలేదు, దేవుడి ముందు కూడా నోరు విప్పలేదు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అమెరికాలో, నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంటి వెనక డెక్ ఉంది, చెక్క అరుగు. దాని కింద ఒక వీధిపిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. మనవరాలు రోజూ పాలు పోసేది. పాలు దండగని గొణిగేదాన్ని. అంతటితో ఆగితే ఎంత బాగుండేది? ఊరినుంచి తెచ్చిన విత్తనాలతో గోంగూర మడి వేశాను. ఆ తల్లిపిల్లి అందులో గోతులు తవ్వి మొలకలన్నీ పెళ్లగించింది. దిక్కులేని జంతువుల్ని తీసుకెళ్లి సాకే షెల్టర్ వాళ్లని శనివారం పిలుద్దామన్నాడు అల్లుడు. అప్పటిదాకా ఆగలేనా? ఆగగలను. ఆగలేదు.

తల్లి తిండికి పోయిన వేళ చూసి, డెక్ కింది సందుకు ఇటుకలు పేర్చి మట్టి మెత్తాను. పిల్లల్ని అప్పటికే ఎక్కడికో మార్చేసిందనుకున్నాను. కాదు, ఇదీ అబద్ధమే. చివరి ఇటుక పెడుతుంటే లోపల సన్నగా అరుపు వినిపించింది. విన్నాను. పెట్టేశాను.

తల్లి వచ్చింది. ఇటుకలు గీరుతూ అరిచింది. లోపలినుంచి పిలుపు, బయటినుంచి జవాబు. వంటింటి కిటికీ దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. మర్నాటికి లోపలి పిలుపు సన్నబడింది.

"అమ్మమ్మా, మమ్మీ క్యాట్ ఎందుకు అలా ఏడుస్తుంది? బేబీస్ ఎక్కడ?"

"పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందే. ఎక్కడ పెట్టిందో మరిచిపోయుంటుంది, వెర్రిమొహంది."

"సెవెన్ హౌసెసా? మనం వెళ్లి అడుగుదామా?"

"అడిగావులే. ముందు అన్నం తిను."

ఆ మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇటుకలు తీశాను. తల్లి నావైపు చూడనైనా చూడకుండా లోపలికి దూరింది. ఒకదాన్ని నోట కరుచుకుని తెచ్చింది, ప్రాణంతో. తర్వాత తెచ్చిన రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి. వాటిని చాలాసేపు నాకింది. లేస్తాయనుకుందా? చివరికి బతికినదాన్ని కరుచుకుని కంచె దాటిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ రెంటినీ గోంగూర మడిలోనే పాతిపెట్టి, మిగిలిన విత్తనాలు మళ్లీ చల్లాను. ఆ ఏడు గోంగూర ఏపుగా పెరిగింది. పచ్చడి బాగుందన్నారు అందరూ. నేనూ తిన్నాను.

మనవరాలు ఇప్పుడు పశువైద్యం చదువుతోంది. ఇంటికొచ్చిన స్నేహితులకు పిల్లి ఏడిళ్ల మాట నవ్వుతూ చెబుతుంది, మా అమ్మమ్మే చెప్పిందని. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను.

ఆ పిల్లికి ఏడిళ్లు లేవు. ఉన్నది ఒక్కటే. దాన్ని నేను మూసేశాను. ఈ మాట రాశాక గుండెల నిండా గాలి పీల్చుకున్నాను, అంతే. క్షమించమని మిమ్మల్ని అడగను. అడగవలసినది ఎప్పుడో కంచె దాటిపోయింది.