కేశవయ్య స్క్రోలింగు

బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో నా జెరాక్స్ షాపు పక్కనే కేశవయ్య చిల్లర అంగడి. పావుకిలో కందిపప్పు అడిగినవాడికీ, బస్తా అడిగినవాడికీ ఒకే మర్యాద. ఇంట్లో భార్య ప్రమీలమ్మ మాటకు ఎదురు చెప్పడు, అంగడిలో కొనేవాళ్ళ మాటకూ ఎదురు చెప్పడు. ఊళ్ళో అందరూ ఆయన్ని మంచివాడన్నారు గానీ, ఆయన ఏమంటాడని ఏ విషయంలోనూ ఒక్కరూ అడగలేదు. ఇది నా మాట కాదు, తర్వాత ఆయనే నాతో అన్నాడు.

రెండువేల ఏడులో మా ఊరి కేబుల్ మురళి కొత్త పని ఒకటి మొదలుపెట్టాడు. సాయంత్రం సినిమా పాటలు వేసి, కింద జనం సెల్‌ఫోన్లలోంచి తన నంబరుకు పంపిన మెసేజీలు పరుగెత్తించేవాడు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. అసలు పేర్లుండవు. మొదట్లో పుట్టినరోజు శుభాకాంక్షలూ, ఫలానా పాట ఫలానావాళ్ళకు అంకితాలూ. కొన్నాళ్ళకు ఒకడు ఇంకొకణ్ణి తిట్టాడు. అంతే, పాట వినే నాథుడు లేడు. సౌండు తగ్గించి మరీ కింది గీత చదివేవాళ్ళం.

కేశవయ్య కూడా అంగట్లో చిన్న టీవీ పెట్టించాడు. పాట బాగుందని ఒక మెసేజీ పంపాడు. వచ్చింది, పోయింది, ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు 'తేలు' అని పేరు పెట్టుకుని, ఒక హోటలాయన ఇడ్లీ రోజురోజుకూ చిన్నదవుతోంది, త్వరలో భూతద్దం కూడా ఇస్తాడు అని కొట్టాడు. ఆ సాయంత్రం సరుకులకొచ్చిన ప్రతివాడి నోటా అదే మాట.

"ఎవడో గానీ బలే కుట్టినాడప్పా!"

కేశవయ్య చక్కెర తూస్తూ తల దించుకుని నవ్వుకున్నాడు.

త్వరలోనే 'చెప్పు' అని ఇంకొకడు తయారయ్యాడు. తేలును కొట్టడానికే వచ్చానన్నాడు. ఊరు రెండు పార్టీలయింది. టీ కొట్టు దగ్గర కొత్తగా వచ్చినవాణ్ణి ముందు అడిగేది, నువ్వు తేలా, చెప్పా అని. కేశవయ్యకు పొద్దున లేస్తే సాయంత్రం ఏం రాయాలన్న ధ్యాసే. ఉప్పు అడిగితే చింతపండు కట్టేవాడు. "కోపమొస్తాంటే ఒళ్ళు వెచ్చగా బాగుంటాదప్పా" అనేవాడు తర్వాత నాతో. "అది లేనినాడు జొరమిడిచినట్ల ఉంటాది."

ఉన్నట్టుండి చెప్పు గొంతు ఆగిపోయింది. అత్తగారి ఊరికి పోయాడో, విసుగొచ్చిందో. తిట్టడానికి మనిషి లేక కేశవయ్యకు పిచ్చెక్కినంత పనయింది. ఒకరోజు ఏమీ తోచక, ఏమీ ఎరగకుండానే రాశాడు: "రైలు గేటు అవతల ఒక ఇంటికి మధ్యాహ్నం స్కూటర్ వస్తాది. ఇంటాయన పాలిష్ ఫ్యాక్టరీలో ఉంటాడు. కనుక్కోండి." ఆయన మనసులో ఏ ఇల్లూ లేదు, ఏ స్కూటరూ లేదు.

ఊరు కనుక్కుంది. గేటు అవతల నాగజ్యోతి జాకెట్లు కుట్టేది. బట్టలంగడి గుమాస్తా లైనింగు గుడ్డలివ్వడానికి స్కూటర్ మీద వచ్చిపోయేవాడు. మొగుడు గిడ్డయ్య ఫ్యాక్టరీలో నాపరాళ్ళకు పాలిష్ పట్టేవాడు. ఇంకేం కావాలి? మర్నాటి స్క్రోలింగులో జాకెట్టు వచ్చింది, కుట్టుమిషను వచ్చింది, పేరొక్కటే తక్కువ. ఫ్యాక్టరీలో గిడ్డయ్య కనపడితే తోటివాళ్ళు నోటితో హారన్ కొట్టేవాళ్ళట.

నాగజ్యోతి కేశవయ్య దగ్గరే సరుకులు తీసుకునేది. అంతా అబద్ధమని ఒక్క మెసేజీ పంపితే అక్కడితో ఆగిపోయేది. పంపుదామనే ఫోను తీశాడు. కానీ ఆ సాయంత్రం టీవీ నిండా తేలు పేరే. చెప్పు కూడా తిరిగొచ్చి, తేలుకు దండం పెట్టాడు. "ఈ ఒక్కదినం చూసి రేపు పంపుదాంలే అనుకున్యా" అన్నాడు నాతో. ఆ రేపు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రేపు కాస్తా వారమయింది. గిడ్డయ్య పెళ్ళాన్ని కొట్టి, కుట్టుమిషను వీధిలో పడేశాడు. ఆమె అన్న వచ్చి ఆమెను పత్తికొండకు తీసుకుపోయాడు. చిన్నబిడ్డ అమూల్యను మాత్రం గిడ్డయ్య పంపలేదు. నాగజ్యోతి ఏడుస్తూ స్టేషన్ రోడ్డున పోతుంటే, మేమంతా అంగళ్ళలోంచి తలలు బయటపెట్టి చూశాం.

అప్పుడు పంపాడు కేశవయ్య: "ఆ స్కూటర్ మాట అబద్ధం. నేనే కల్పించినా. తేలు." జవాబులు వరదెత్తాయి. తేలుకు ఎంత ముట్టిందో అని ఒకడు. గుమాస్తా బెదిరించినాడని ఇంకొకడు. మురళి చానల్‌కు అన్ని మెసేజీలు ఎన్నడూ రాలేదు.

ఆ రాత్రికే నా దగ్గరకొచ్చి ఏడ్చి అంతా చెప్పాడు. నోటికొచ్చినట్టు తిట్టి, తెల్లవారి మురళి దగ్గరకు లాక్కుపోయాను. తేలు నంబరు ఎవరిదో గిడ్డయ్యకు చెప్పమన్నాను.

"నంబర్లు బయటపెడితే రేపట్నించి ఒక్కడన్నా పంపుతాడా?" అన్నాడు మురళి. "నాకేం తెల్దు పోన్నా."

ఇద్దరమే గిడ్డయ్య ఇంటికి పోయాం. కేశవయ్య చేతులు జోడించాడు.

"గిడ్డయ్యా, ఆ తేలును నేనేప్పా. నీ పెండ్లాన్ని గురించి రాయలేదు, ఊరికే కల్పించి రాసినా. పోయి పిల్చుకోని రా."

గిడ్డయ్య ఆయన వైపు జాలిగా చూశాడు.

"శెట్టీ, నువ్వు శానా మంచోనివి. మా కాపరం నిలబెట్టల్లని ఎవని పాపమో నెత్తినేసుకుంటాండావు. ఆ తేలు యాడ, నువ్వు యాడ? వాడు రాస్తే ఊరు ఊగుతాది. నీకు అంత తెలివి యాడిది సామీ?"

కేశవయ్య మొహం మాడిపోయింది. అవమానం. నాగజ్యోతికి జరిగినదానికి కాదు, ఆ ఆఖరి మాటకు.

"నాదే!" అని అరిచాడు. "ఇడ్లీకి భూతద్దమని రాసింది నాదే! డాక్టరు సూది మీద రాసింది నాదే! మార్కెట్టు వేలం మీద రాసింది, అదీ నాదే! ఊరంతా నవ్వలేదా?"

గిడ్డయ్య విసుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. కేశవయ్య గుమ్మంలో నిలబడి ఒక్కొక్క మెసేజీ అప్పజెబుతూనే ఉన్నాడు. అమూల్య వచ్చి ఆయన పంచె పట్టుకుని లాగింది.

"శెట్టి తాతా, మాయమ్మ ఎప్పుడొస్తాది?"

ఆయనకు వినపడలేదు.