డబ్బా లేని ఆట

ఎదురు దుకాణం ఆయన ముఖం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీద పిల్లలకు వీడియో గేములు ఆడించేవాడు. టీవీకి తగిలించి గేములు ఆడించే జపాన్ డబ్బా, పెద్ద టీవీ, పైన 'ఒరిజినల్' అని బోర్డు. డబ్బా ఒరిజినలే, కాదనను. అందులో వేసే సీడీలు మాత్రం అన్నీ కాపీలే. స్కెచ్ పెన్నుతో పేర్లు రాసుకున్న సీడీలు పెట్టుకుని మాకు నీతులు చెప్పాడు, సిగ్గులేని మనిషి!

మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడ్డాక, మేం కూడా ఆ రోడ్డులోనే, ఆయనకు ఎదురుగా, మూడు పాత కంప్యూటర్లు పెట్టాం. వాటిలో ఎమ్యులేటర్ అని ఒక ప్రోగ్రాం ఉండేది. డబ్బా అక్కర్లేకుండానే డబ్బా ఆటలన్నీ ఆడించేది. ఆటలు మావీ కాపీలే, మేమేం శుద్ధపూసలం కాదు. కానీ మా ఇంట్లో పొయ్యి వెలిగేది వాటి మీదే.

పిల్లలు మా వైపు మళ్లగానే ఆయనకు చట్టం గుర్తొచ్చింది. పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

ఎస్సై వంగి టేబుళ్ల కింద వెతికాడు. "డబ్బా ఏదయ్యా?"

"డబ్బా లేదు సార్. కంప్యూటర్లనే నడుస్తది," అన్నాడు మా ఆయన.

"డబ్బా లేకుంట ఆట ఏడికెల్లి వస్తది? దొంగతనమే గద!"

నేను ఆగలేకపోయాను. "ఆయన సీడీలు గూడ జెర సూడుండ్రి సార్. ఒక్కటన్న అసలుది ఉన్నదా?"

"ఆయనకు డబ్బా ఉన్నదమ్మా."

ఆహా, ఏం తెలివి! దొంగ సరుకైనా మంచి సంచిలో ఉంటే చాలన్నమాట. మూడు కంప్యూటర్లూ జీపెక్కాయి.

మర్నాడు స్టేషన్‌లో, దొంగ ఆటలు ఆడించానని ఒప్పుకుని, ఇక దుకాణం నడపనని రాసిస్తే కంప్యూటర్లు ఇచ్చేస్తామన్నారు. మా ఆయన మొండికేశాడు. "ఆయనతోని గూడ రాయించుండ్రి, అప్పుడు నేను రాస్త." ఎవరు వింటారు? కంప్యూటర్లు అమ్ముకునైనా కొన్నాళ్లు తింటామని నేనే పోరుపెట్టాను.

"పెట్టయ్యా సంతకం. రోషం కూడు పెడ్తదా?"

పెట్టాడు. నా వైపు చూడలేదు.

"సాక్షి సంతకం గావాలె. ఎవరన్న పెద్దమనిషి ఉన్నడా?" అని రైటర్ అడిగాడు.

బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఎదురు దుకాణం ఆయన లేచి వచ్చాడు. "పరేషాన్ గాకు తమ్మీ, నేనున్న గద," అంటూ మా ఆయన చేతిలోని పెన్ను తీసుకుని, ఆ సంతకం కిందే సాక్షిగా తన సంతకం చేశాడు.