నొక్కు, వదులు

ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నో శనివారాలు మ్యూరియల్ ఆ ఆకుపచ్చ కారు స్టీరింగు ముందు కూర్చుంది. ఒక్క గజం దూరం కూడా నడపలేదు.

కోవెంట్రీలో వాళ్ల వీధి వెనకున్న గ్యారేజీ మరీ ఇరుకు. ఆమెను సీట్లో కూర్చోబెట్టి, భర్త క్లిఫ్ కారును వెనక్కి లోపలికి తోసేవాడు. కుడి పక్క గోడ, ఎడమ పక్క అతని సామాన్ల అరలు. తలుపు బెత్తెడు కూడా తెరుచుకోదు. పోనీ కారు గుడ్డ టాపు తీసి పైనుంచి దిగుదామంటే, కప్పు రేకుల తుప్పు సీట్ల మీద రాలుతుందని తీయనివ్వడు. అతను కారు కింద తవ్వుకున్న గోతిలోకి దిగి, బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేవాడు. ఆ పనికి పైన పెడలు నొక్కుతూ వదులుతూ ఉండే ఒక కాలు కావాలి.

"నొక్కు!"

"నొక్కాను."

"వదులు!"

"వదిలాను."

వాళ్ల కాపురంలో సగం మాటలు ఇవే. ఒకసారి అర్జెంటుగా బాత్రూముకు వెళ్లాలని ఆమె మొత్తుకుంటే, "ఇంకొక్క చక్రమే, బంగారం" అన్నాడు మహానుభావుడు. ఆ ఒక్క చక్రానికీ నలభై నిమిషాలు పట్టింది.

నన్ను నడపనివ్వు అని అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "బ్రేకులు ఇంకా కుదర్లేదు. పాతకాలం బండి. ఒక్క గొట్టం కారిందా, నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. నీ మీద ప్రేమ కొద్దీ చెప్తున్నా." అతను మాత్రం ఆదివారం ఆదివారం అదే బ్రేకులతో ఊరంతా తిరిగొచ్చేవాడు. మ్యూరియల్‌కు నడపడం రాదా అంటే, పల్లెలకు లైబ్రరీ పుస్తకాల వ్యాను ఇరవై ఏళ్లు తోలిన మనిషి! ఒళ్లు మండదూ?

ఇప్పుడు క్లిఫ్ మోకాళ్లు అరిగిపోయాయి. గోతిలోకి దిగడం కష్టమై కారు అమ్మేశాడు. కొన్నది ష్రూస్‌బరీ ఊళ్లో ఒక పళ్ల డాక్టరు. రేపు పొద్దున్నే వచ్చి తీసుకుపోతాడు. ఆయన భార్య ఒక షరతు పెట్టిందట, బ్రేకులు మార్చకపోతే అందులో కాలు పెట్టనని. దాంతో క్లిఫ్ మూడు వారాలు కూర్చుని, బ్రేకు గొట్టాల్లో ఒక దారి పోయినా రెండోది పనిచేసేలా కొత్త సిలిండరు పెట్టాడు. కాలికి ఇంజను సాయం అందించే సర్వో డబ్బా కూడా బిగించాడు.

ఆవిడ ఒక్కసారి అడిగింది, అయిపోయింది. ఇవాళా స్టీరింగు ముందే కూర్చున్న మ్యూరియల్‌కు ఏడుపొచ్చింది. ఈ కారును ఒక్కసారైనా నడపాలంటే ఇవాళే నడపాలి. రేపటికి అది పరాయివాళ్లది.

"అయిపోయింది," అంటూ క్లిఫ్ మూలుగుతూ గోతిలోంచి పైకొచ్చి, గ్యారేజీ బయట కారుకు ఎదురుగా నిలబడ్డాడు. "సర్వో ఒక్కటి చూడాలి. పెడలు నొక్కిపట్టి ఇంజను స్టార్టు చెయ్యి. పెడలు కాస్త దిగితే పనిచేస్తున్నట్టే. తాళంచెవి నీ పక్క సీట్లో పెట్టాను."

అది ఆమె చేతికి రావడం అదే మొదటిసారి. పాత బ్రేకులకు ఇంజనుతో పని ఉండేది కాదు మరి.

నొక్కింది. తాళం తిప్పింది. ఇంజను అందుకోగానే పాదం కింద పెడలు మెల్లగా దిగింది.

"దిగింది!"

"భేష్. ఇక ఆపెయ్, బండి నేను బయటికి లాగుతా. దిగి టీ పెడుదువుగాని."

ఆమె ఆపలేదు.

"పక్కకి జరుగు, క్లిఫ్."

"పిచ్చా నీకు? ముందు రోడ్డు మీద నేను చూడాలి, బ్రేకులు కుదిరాయో లేదో."

"నువ్వేం చూస్తావయ్యా? ముప్పై ఒక్క ఏళ్లు వాటి మీద ఉన్న కాలు నాది!"

అతను జరగలేదు. నడుం మీద చేతులు వేసుకుని, ఆమె ఎటూ కదలదన్న ధీమాతో నిలబడ్డాడు. మ్యూరియల్ గేరు వేసి, హ్యాండుబ్రేకు దించి, క్లచ్ వదిలింది. కారు గ్యారేజీ దాటి బయటికొచ్చింది. క్లిఫ్ కళ్లు పెద్దవయ్యాయి. ఆమె నొక్కింది.

కారు అతని మోకాళ్లకు జానెడు దూరంలో ఠక్కున ఆగింది.

ఇప్పుడు రెండు పక్కలా గోడలు లేవు. తలుపు తెరుచుకుంటుంది. ఆమె దిగలేదు, అద్దం పూర్తిగా దించింది.

"కుదిరాయా?" అంది.

క్లిఫ్ ఒకసారి బంపరు వైపు, ఒకసారి తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. పక్కకి జరిగాడు.

"ఎ... ఎక్కడికి, మ్యూరియల్? ఎప్పుడొస్తావు?"

"టీ నువ్వే పెట్టుకో," అని మ్యూరియల్ పెడలు మీంచి కాలు తీసింది. అతను వదులు అనకముందే.