ఏ పచ్చ?

నా పరువు ఒకసారి కంబదూరులో, నడింట్లో, నిండు జనం ముందు పోయింది. ఒక పచ్చ రంగు వల్ల పోయింది. ఏ పచ్చ అని మాత్రం అడక్కండి. సరిగ్గా ఆ ప్రశ్న అడిగినందుకే పోయింది.

అప్పటికి నాకు ముప్పై దగ్గర పడుతున్నాయి. కదిరిలో శనక్కాయల మిల్లులో తూకాలు చూసేవాణ్ణి. బడి చదువు ఏడుతో ఆగిపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అందుకని లోకంలో లెక్కకు లొంగనిది ఏదీ లేదని గట్టి నమ్మకం. వాన ఒక్కటి తప్ప. అది ఎవరికీ లొంగదు.

మిల్లు ఎదురుగా నా స్నేహితుడు ఖాదర్‌కు వీడియో గేముల అంగడి ఉండేది. ఒకరోజు బెంగళూరు నుంచి పాత సామాన్లతో పాటు ఒక ప్లాస్టిక్ గిటారు తెచ్చాడు. దానికి తీగలు లేవు. మెడ మీద ఐదు రంగుల బటన్లు, పొట్ట మీద ఒక మీట. టీవీలో ఒక రోడ్డు కనబడుతుంది, దాని మీద రంగు బిళ్ళలు దొర్లుకుంటూ మన మీదికి వస్తాయి. బిళ్ళ గీతను తాకే వేళకు ఆ రంగు బటన్ నొక్కి మీట కొట్టాలి. కొడితే పాటలో గిటారు మోగుతుంది. తప్పితే గిటారు ఒక్కటే మూగబోతుంది. తప్పులు మరీ ఎక్కువైతే పాట ఆగిపోయి, టీవీలోని జనం మనల్ని చీదరించుకుంటూ అరుస్తారు.

ఖాదర్ పక్కన కూర్చుని "పచ్చ నొక్కప్పా" అనేవాడు. నేను పసుపుపచ్చ నొక్కేవాణ్ణి. "అది కాదు, పచ్చ" అనేవాడు. నేను ఆకుపచ్చకు మారేసరికి పసుపుపచ్చ బిళ్ళ వచ్చి కూర్చునేది. ఇందులో నా తప్పు లేదు. మనకు పసుపు కొమ్మూ పచ్చే, చేలో ఆకూ పచ్చే. చివరికి రంగులు వదిలేసి అంకెలు పెట్టుకున్నాను. ఆకుపచ్చ ఒకటి, ఎరుపు రెండు, పసుపుపచ్చ మూడు, నీలం నాలుగు, నారింజ ఐదు. ఆ రోజుతో అది పాట కాకుండా పోయింది, ఎక్కం అయింది. ఒకే ఒక్క పాటను నిద్రలో లేపి అడిగినా నొక్కేంతగా బట్టీపట్టాను. అంగడి ముందు పిల్లలు మూగేవారు. ఆ దారిన పోతూ మా నాయన చూశాడు. తీగలు ఉన్నాయో లేవో రోడ్డు మీది నుంచి ఎవరికి తెలుస్తుంది?

అంతలో కంబదూరు సంబంధం వచ్చింది. పిల్ల పేరు రత్నమ్మ. చూడగానే నచ్చింది. ఎంత నచ్చిందంటే, తిరుగు బస్సులో కరెంటు స్తంభాలు లెక్కపెట్టడం మరిచిపోయాను. ఆమె ముఖం చూస్తే నేనూ నచ్చినట్టే ఉంది. అడ్డం పడింది వాళ్ళ నాయన తిప్పేస్వామి. ఆయన చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు వాయిస్తూ, పాడుతూ, అడుగులు వేసే గుంపును ఒక్క మనిషిలా నడిపించేవాడు. తాళం తెలియనివాడు తన ఇంటి అల్లుడు కాలేడని ఆయన పంతం. అంతకుముందు వచ్చినవాళ్ళ చేత చప్పట్లు కొట్టించి చూసి వెనక్కి పంపాడట.

పెళ్ళిచూపుల్లోనే ఆ సంగతి తేల్చి చెప్పినా మా నాయన ఏమాత్రం తొణకలేదు. "మావోడు గిటారు వాయిస్తాడప్పా" అన్నాడు.

"అట్లయితే తెచ్చి వాయించమను. వింటాం."

నేను అప్పుడే నోరు విప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. విప్పలేదు. రత్నమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది మరి.

నెల తిరక్కుండా మళ్ళీ బయలుదేరాం. నేను, నాయన, ఖాదర్. ఖాదర్ ఒడిలో, చంటిబిడ్డను చుట్టినట్టు దుప్పటి చుట్టిన చిన్న టీవీ. నా సంచిలో గిటారు, గేము మిషను. నా పథకం పక్కాగా ఉంది. ఆ ఊళ్ళో కరెంటు ఏ వేళకు ఉంటుందో ముందే కనుక్కున్నాను. టీవీ వీపు జనం వైపు, ముఖం నా వైపు. ఎవరైనా అడిగితే, గిటారుకు శబ్దం పెంచే పెట్టె అని ఖాదర్ చెబుతాడు. ఏ మూల కూర్చున్నవాళ్ళకు ఏది కనబడుతుందో కోణాలతో సహా లెక్కేశాను. నా వెనక వంటింటి తలుపు ఉందన్న సంగతి ఒక్కటే లెక్కకు రాలేదు.

మొదట్లో బ్రహ్మాండంగా సాగింది. ఒకటి ఒకటి మూడు, రెండు రెండు నాలుగు అనుకుంటూ తల కూడా ఎగరేశాను. తిప్పేస్వామి మీసం కింద చిన్న నవ్వు మొలిచింది. అది చూసి మా నాయన ధీమాగా తమలపాకు ఈనె తీయడం మొదలుపెట్టాడు. అదే సమయంలో, గోడవారన కూర్చున్న భజన గుంపు అలవాటు కొద్దీ చెక్కలు అందుకుంది.

చెక్కభజన చూసినవాళ్ళకు తెలుసు, అది మొదలైన వేగంలో ఉండదు. దిగుడులో పడ్డ బండిలా జోరు పెరుగుతూ పోతుంది. టీవీలోని పాటేమో మొండి ఎద్దులా తన నడక తనదే. పెట్టె మాట విను అని నా చేతికి లోపల్లోపల చెబుతూనే ఉన్నాను. అది వినకుండా చెక్కల వెంట ఉరికింది. గిటారు మూగబోయింది. మీట మాత్రం టక టక టక టక కొట్టుకుంటోంది. పాట ఆగిపోయింది. టీవీలోని జనం ఒక్కసారిగా "బూ..." అని ఎత్తుకున్నారు.

చెక్కలు ఆగాయి. తిప్పేస్వామి చెవి ఒగ్గి విన్నాడు.

"ఏమప్పా, గొడ్లు అరుస్తాండాయే. నీళ్ళు పెట్టినారా లేదా?"

ఎవరో నిజంగానే బిందె పట్టుకుని దొడ్లోకి పోయారు. వోల్టేజీ, వోల్టేజీ అని ఖాదర్ గొణిగాడు. నేను కాస్త తేరుకునే లోపే నా వెనక నుంచి రత్నమ్మ గొంతు వినబడింది.

"గొడ్లు కాదు నాయనా. ఆయప్ప పచ్చది వదిలేసినాడు. అందుకే ఆ పెట్టెలో జనం తిడ్తాండారు."

బుద్ధి ఉన్నవాడైతే ఇక్కడ నోరు మూసుకుంటాడు. ఏ జనం, ఏ పెట్టె అని బుకాయించినా కొంత కాలం గడిచేది. కానీ అరకొర లెక్క చెవిన పడితే ఊరుకోలేని జబ్బు నాది. గిర్రున వెనక్కి తిరిగాను.

"ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"రెండూ" అంది రత్నమ్మ.

తిప్పేస్వామి లేచి వచ్చి టీవీని తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత గిటారును నా మెడలోంచి తీసి, శనక్కాయలో గింజ ఉందో లేదో చూసినట్టు చెవి దగ్గర ఊపాడు.

"తీగలు యాడ?"

"లేవు మామా." ఆ పిలుపుకు హక్కు ఇంకెంతసేపు ఉంటుందో తెలియక తొందరపడి వాడేశాను.

"మరి పాట ఎవరు వాయించినారు?"

"పెట్టె."

"నువ్వేం చేస్తాంటివి?"

"నొక్కుతాంటి."

మా నాయన ఈనె తీసిన ఆకును మెల్లగా పళ్ళెంలో పెట్టేసి చెప్పుల కోసం చూస్తున్నాడు. నేను నేల వైపు చూస్తున్నాను.

తిప్పేస్వామి మీటను టక్కుమనిపించాడు. మళ్ళీ టక్కుమనిపించాడు. గుంపు వైపు తిరిగాడు.

"మీరు ఉరుకుతాంటే ఈ టక్ టక్ మీ ఎంబడే వచ్చినాది. ఒక్క దెబ్బ తప్పలేదు. విన్నారా?"

విన్నామన్నట్టు వాళ్ళు తలలూపారు.

"పెట్టెతో తాళం తప్పితే తప్పనీలే. నేను పిల్లనిచ్చేది పెట్టెకు కాదు గదా" అని గిటారును నా మెడలో వేశాడు.

మిల్లులో మోటారు ఆపగానే చెవులకు ఒక నిమ్మళం దొరుకుతుంది. ఆ క్షణంలో నా ఒంటికంతా అది దొరికింది. మా నాయన పళ్ళెంలోని ఆకును మళ్ళీ తీసుకున్నాడు.

ఖాదర్ ఆ గిటారును మాకే పెళ్ళి కానుకగా ఇచ్చాడు. కొన్నాళ్ళకే రత్నమ్మ ఆటలో నన్ను దాటిపోయింది. ఆమెకు అంకెలతో పనిలేదు. రెండు పచ్చలూ వేరువేరుగా కనబడతాయట.

అందుచేత, కుడిచేయి గుండె మీద పెట్టుకుని, కంబదూరు దిక్కుకు తిరిగి శపథం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పెళ్ళిచూపుల్లోనూ తీగలు లేని గిటారు ముట్టను.

ఇక్కడి దాకా రాసి రత్నమ్మకు చదివి వినిపించాను. చేటలో శనక్కాయలు ఒలుస్తూ, తలెత్తకుండా విన్నది.

"గిటారు సంగతి అట్లుండనీ" అంది. "ముందు పెళ్ళిచూపులకే పోనని రాయి."

రాశాను.