బావ అమ్మేసిన యూనిట్లు

పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాను. బ్రెజిల్, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఓడల సరుకు దించుతూనే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకేనేమో, అలాంటి ఎదుగుతున్న దేశాల కంపెనీలన్నిటినీ ఒక్క మూట కట్టి షేరులా అమ్మే ఈటీఎఫ్ ఫండ్ ఒకటి ఫోన్లో కనబడితే, అదేదో నాకు తెలిసిన వ్యాపారమే అనిపించింది. చేతికొచ్చిన డబ్బులో సగం అందులో పెట్టాను.

మా చెల్లెలి భర్త యారాడలో చేపల వేటకెళ్లేవాడు. మోకాళ్లు పాడయ్యాక బోటు అమ్మేసి, ఆ డబ్బు బ్యాంకులో వేసుకున్నాడు. బ్యాంకులో ఏం పెరుగుతుందని అతన్ని పోరు పెట్టింది నేనే.

"నాకియ్యేటీ తెలీవు బావా. నువ్వెట్టావు కదా, నాదీ ఎట్టెయ్," అని ఫోన్ నా చేతికిచ్చేశాడు.

ఏడాది పాటు బాగానే పెరిగింది. తర్వాత ఎక్కడో యుద్ధం మొదలై, ఆ మూటలోని ఒక దేశం షేర్లకు విలువే లేకుండా పోయింది. వాటి వెనకే మిగతావీ జారాయి. ఆగితే మళ్లీ వస్తుందని బావకు చెప్పాను. నమ్మే చెప్పాను. నాకు నెలనెలా పెన్షన్ వస్తుంది, ఆగడం నాకు కష్టం కాదు. అతనికి ఆ డబ్బు తప్ప మరేమీ లేదన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

ఆ వానాకాలం చెల్లెలు వంట చేస్తూ పడిపోయింది. గుండె వాల్వు మార్చాలన్నారు. ప్రభుత్వ పథకంలో వంతు వచ్చేదాకా ఆగడం మంచిది కాదన్నారు. ఆస్పత్రి వరండాలో బావ ఫోన్ తీశాడు.

"అమ్మెయ్ బావా."

"ఇప్పుడమ్మితే శానా నట్టం. ఇంకో ఆర్నెల్లాగితే..."

"ఆర్నెల్లాగమని దానికి నువ్వే సెప్పు మరి."

అమ్మేశాను. ఫండ్‌లోని నా వాటా యూనిట్లు అమ్మి ఆ ఆపరేషన్ చేయించి ఉండొచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. నష్టానికి అమ్మడానికి మనసొప్పలేదు. వార్డులో ఉన్నది నా సొంత చెల్లెలు.

ఆమె బతికింది. మందులు జీవితాంతం వాడాలి. అందుకని బావ ఆ మోకాళ్లతోనే రుషికొండలో ఒక ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. రెండేళ్లలో ఫండ్ కోలుకుంది, కొన్న ధర కూడా దాటింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్లో దాని ధర చూస్తాను. పెరిగిన రోజే ఎక్కువ బాధగా ఉంటుంది.

మొన్న గేటు దగ్గరికి వెళ్లాను. ఫండ్ పెరిగిందన్న నిజం చెప్పేసి, నాకొచ్చిన లాభం అతని చేతిలో పెట్టాలనే వెళ్లాను. ఎండలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏటి బావా, నీ ఫండు లేసిందా?"

"లేదు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"పోన్లే, నువ్వైనా ఆగు. లేత్తాది," అని నా భుజం తట్టాడు.

లోపలికి కారేదో వచ్చింది. గేటు తియ్యడానికి కుంటుకుంటూ వెళ్లాడు.