పిట్ట ముట్టిన మనిషి

కేసముద్రంలో మా ఎదురింటి అన్నదమ్ముల్లో పెద్దవాడికి ముందు పండ్లు లేవు. బాణామతి చేస్తున్నాడని, మంత్రానికి నోరు తిరగకూడదని ఊరివాళ్లే పట్టకారుతో పీకారు. నిజానికి అతనికి ఉన్న అలవాటల్లా తనలో తాను మాట్లాడుకోవడం. తర్వాత తమ్ముడూ భయపడి వెనుక అర్రకు తాళం వేశాడు. తండ్రి అన్నకు వాటాగా ఇచ్చిన గది అదొక్కటే. అతను మార్కెట్ యార్డు షెడ్ల కింద పడుకుంటూ, రోజూ వచ్చి తాళాన్ని కదిపి చూసి వెళ్లేవాడు.

ఒక వానాకాలం రైలు పట్టాల పక్కన శవం దొరికింది. మొహం ఆనవాలు లేదు, ముందు పండ్లు లేవు. తమ్ముడు చూసి మా అన్నే అన్నాడు. దహనం చేశాం. ఆనాటి డైరీలో ఎదురింటాయన పోయాడని రాసుకున్నాను.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి వెళ్లాం. పోయినవాడికి ఇష్టమైనవి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడితే పక్షి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే కోరికేదో మిగిలిందని అర్థం; అదేమిటో ఊహించి మాట ఇవ్వాలి. కల్లు, బోటి, బీడీలు పెట్టాం. కాకులు చుట్టూ తిరుగుతున్నాయే తప్ప వాలడం లేదు.

"అర్ర మీద పాణం ఉన్నదేమోరా" అన్నది ముసలి మేనత్త.

తమ్ముడు చేతులు జోడించాడు. "అన్నా, అర్ర నీదేనే. తాళం తీస్త. జర ముట్టవే."

తుమ్మ చెట్ల వెనుక నుంచి అన్నే నడిచి వచ్చాడు. విస్తరి ముందు కూర్చుని కల్లు తాగాడు. బోటి ముక్క ఒకటి నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

"బోటి ఎవలు వండిండ్రు? పండ్లు మీరే పీకితిరి, ఎట్ల నమలాలె?"

సగం మంది పరుగెత్తారు. మేనత్త మాత్రం కొంగు దులుపుకుని, "ముట్టింది, నడువుండ్రి" అన్నది. ఆచారం ప్రకారం వెనక్కి చూడకుండా నడిచాం. అతను మా వెనకే వచ్చాడు.

ఇంటి ముందు తమ్ముడు అడ్డం నిలబడి వాదించాడు. "నేను మాటిచ్చింది సచ్చిన అన్నకు. నువ్వు బతికున్నవు గదనే!"

అతను వెనక్కి వెళ్లి తాళాన్ని కదిపి చూశాడు. "అయితే సచ్చిననే అనుకోరా. తాళం తియ్యి."

తమ్ముడు తీశాడు. మేం కాల్చింది ఎవరినో ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి వీధి మొత్తం అతన్ని చచ్చినవాడిగానే చూసింది. పని చెప్పరు, పలకరించరు. మరదలు గడప బయట కంచం పెట్టి వెళ్లిపోయేది. నేను అప్పుడప్పుడు కిటికీ దగ్గర ఆగి ఎట్లున్నవని అడిగేవాణ్ణి.

"ఎట్లుంట సార్, సచ్చిన గద. అర్రయితే మంచిగున్నది."

చలికాలంలో అతనికి జ్వరం పట్టుకుంది. మానుకోట దవాఖానకు పోదామని ఆటో తెచ్చాను. మంచం పట్టె వదల్లేదు.

"గడప దాటితే వాడు మల్ల తాళమేస్తడు సార్."

తాళంచెవి నీకే ఇప్పిస్తానన్నా వినలేదు. ఊళ్లో సూదులేసే ఆర్‌ఎంపీని పిలిచాను. అతను బ్యాగు కూడా కింద పెట్టలేదు. "సచ్చినోనికి సూదేసిన్నని తెలిస్తే నా దగ్గరికి ఎవలొస్తరు సార్?"

అర్రలోనే పోయాడు. మొదటిసారి పాడె మోసినవాళ్ల ఇళ్లకు నేనూ తమ్ముడూ వెళ్లాం. "ఒక్క మనిషిని రెండుసార్లు మోస్తమా?" అని ఒకాయన తలుపు వేసుకున్నాడు. చివరికి యార్డులో పత్తి దింపి వస్తున్న ట్రాక్టర్‌ను మాట్లాడాం. రోడ్డు నిండా గుంతలు. శవం ఎగిరి పడకుండా నేను భుజాలు పట్టుకున్నాను, తమ్ముడు కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.