జరిపిన బంతి

పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి, మహబూబ్‌నగర్‌లో రోడ్ల పనుల మీద ఓవర్సీరుగా చేరిన కొత్తలో సాయంత్రాలు హైస్కూలు పిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పేవాణ్ణి. జిల్లాలో అప్పటికి ఆ ఆట తెలిసినవాళ్లు తక్కువ. ఆ బడిలోనే ఉర్దూ చెప్పే పెద్దాయన అంపైర్‌గా నిలబడేవారు. రూల్సు పుస్తకం ఇస్తే మూడు రోజుల్లో చదివి, నేను తప్పుగా చెబుతున్నవి రెండు చూపించారు.

మాకున్న జాలీ ముసుగు ఒక్కటే. అది క్యాచర్‌కి. బ్యాట్స్‌మన్ వెనక క్యాచర్ గొంతుక్కూర్చుంటాడు. అతని వెనక అంపైర్ ఉత్త ముఖంతో వంగి చూస్తారు. చేజారిన బంతి తిన్నగా ఆయన కళ్లద్దాలకే. మా క్యాచర్ కోస్గి దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే తొమ్మిదో తరగతి పిల్లవాడు. వాడికి కాగితం మీద రాసిచ్చాను. ఒకటి, అంపైర్ చెప్పాక వెనక్కి తిరిగి చూడకూడదు. రెండు, బంతిని ఆయనకు విసరకూడదు, చేతికివ్వాలి. మూడు, బంతి గ్లౌజుకు అందకపోతే ఒంటితో ఆపాలి. నాలుగు, ఆయన మాటకు ఎదురు మాట్లాడకూడదు.

కాగితం మీద రాయనిది కూడా ఒకటి నేర్పాను. బంతి, బ్యాట్స్‌మన్ ముందు నేల మీద పరిచే ప్లేటుకు రెండంగుళాలు బయట పడితే, పట్టిన మరుక్షణం గ్లౌజును లోపలికి జరిపి అక్కడే ఆపాలి. వెనక నుంచి చూస్తే బంతి నేరుగా ప్లేటు మీదుగా వచ్చినట్టే ఉంటుంది. మణికట్టు ఎంత తిప్పాలో స్కేలు పెట్టి చూపించాను.

నల్లగొండ జట్టుతో ఆట. ఒక్క పరుగు మాది ఎక్కువ, వాళ్ల చివరి ఆటగాడు. ప్లేటు మీదుగా వచ్చే బంతిని ఇంకొక్కటి కొట్టకుండా వదిలేస్తే అతను ఔట్. వచ్చిన బంతి బయట పడింది, అతను వదిలేశాడు. మావాడు జరిపాడు. పెద్దాయన ఔట్ ఇచ్చారు.

"బయట వడ్డది సార్," అన్నాడు నల్లగొండ పిల్లవాడు.

"నేను చూసిన బేటా, లోపల్నే వడ్డది."

మావాళ్లు ఎగురుతున్నారు. క్యాచర్ మాత్రం నా దగ్గరికి వచ్చాడు. "ఏందిరా, గెలిస్తె గూడ ఏడుపు మొఖమే?" అని వెనకనుంచి ఎవడో అన్నాడు.

"సార్, నేను జరిపిన. అంపైర్ సార్‌కు చెప్పొస్త."

"కాగితంల నాలుగోది ఏమున్నది?"

"ఎదురు మాట్లాడొద్దని."

"మరి నడువ్."

అది తప్పని ఆ మాట అంటున్నప్పుడే తెలుసు. వాడు నిజం చెప్పబోతే గౌరవం పేరు చెప్పి ఆపాను.

మర్నాడు వాడు ఆటకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. హాస్టలుకు వెళ్లి అడిగితే, "చదువుకుంటున్న సార్," అన్నాడు నా వైపు చూడకుండా.

కొన్నాళ్లకు నాకు అచ్చంపేట బదిలీ అయింది. అంతా చెప్పేయాలని పెద్దాయన ఇంటికి వెళ్లాను. చాయ్ ఇచ్చారు.

"ఓవర్సీర్ సాబ్, ఆ పిల్లగాడు ఏడి? వాడు ముందట కూసుంటె నాకు ఫికర్ లేకుండె. అసొంటోన్ని ఎట్ల ఇడిచినవ్?"

"చదువు మీద పడ్డడు సార్," అన్నాను.

"మంచిదే," అని ఆయన ఇంకాస్త చాయ్ పోశారు. వద్దనలేకపోయాను.